చలికాలం రైడ్లు, వనభోజనాలు, ఘాట్ రోడ్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగు రైడర్లకూ, సాలూరు, పార్వతీపురం వైపు నుంచి ఘాట్ ఎక్కి వచ్చి కలిసేవాళ్లకూ ఈ పేజీ. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా క్లబ్బు పెట్టుకునే ప్రతి కార్యక్రమానికీ ఇందులోవి వర్తిస్తాయి.

ఎండాకాలంలో ఐదింటికే బయల్దేరతాం కదా, ఇప్పుడు ఏడున్నర దాకా ఎందుకు ఆపుతున్నారు?

మంచు వల్ల. డిసెంబరు, జనవరిలో పొట్టంగి, సెమిలిగుడ, నందపూర్ చుట్టూ ఉన్న లోయల్లో రాత్రి చల్లబడిన గాలి బరువెక్కి కిందికి దిగి, గిన్నెలో పోసినట్టు అక్కడే నిలిచిపోతుంది. దానిమీద కాస్త వెచ్చని గాలి మూతలా కూర్చుంటుంది. ఎండ పడి నేల వేడెక్కితే గాని ఆ మూత లేవదు. అందుకే తెల్లారగానే మంచు పోదు. చాలా రోజులు ఆరున్నర, ఏడు మధ్యే బాగా చిక్కబడి, ఎనిమిది దాటాక పలచబడుతుంది. కొలాబ్, జలాపుట్ జలాశయాల పక్కన ఇంకా ఆలస్యం.

ఇంకో మాట. "రాత్రి చుక్కలు బాగా కనిపించాయి, మబ్బు లేదు, పొద్దున్నే పోవచ్చు" అనుకోవడం తలకిందుల లెక్క. మబ్బు లేని రాత్రే నేల త్వరగా చల్లబడుతుంది, ఆ తెల్లవారే మంచు ఎక్కువ. గాలి వీచే రాత్రి అయితే అంత భయం లేదు.

సాయంత్రం వైపు కూడా కోత ఉంది. ఐదున్నరకల్లా పొద్దు గూకుతుంది, ఘాట్‌లో పడమటి కొండ నీడ నాలుగున్నరకే రోడ్డు మీద పడుతుంది. ఆ వేళకి ఘాట్ దిగిపోవాలి. అంటే చలికాలం రోజులో మనకు దక్కేది ఎనిమిది నుంచి నాలుగున్నర దాకానే. భోజనానికీ, చాయ్‌కీ రెండున్నర గంటలు తీసేస్తే ఆరు గంటల రైడింగ్. ఘాట్ రోడ్డు మీద గుంపు సగటు గంటకు 35 కిలోమీటర్లు దాటదు. కాబట్టి రానూపోనూ 180 కిలోమీటర్లు మించే రూటు ఒక్కరోజు కార్యక్రమంగా పెట్టం. దుడుమ జలపాతం రైడ్‌ని రాయగడ వాళ్లకు రెండు రోజులు చేసింది అందుకే.

అయినా దారిలో మంచు తగిలితే?

మొదట లైటు డిమ్ చేయండి. బ్రైట్ లైటు మంచు బిందువుల మీద పడి తిరిగి మన కళ్లలోకే కొడుతుంది, ఎదురుగా తెల్లని గోడ తప్ప ఏమీ కనిపించదు. పసుపు ఫాగ్ ల్యాంపులు ఉంటే కిందికి వంచి వేసుకోండి. రోడ్డు ఎడమ అంచున ఉండే తెల్లగీతని పట్టుకుని నడపండి. నడిగీతను పట్టుకుంటే ఎదుటివాడూ దాన్నే పట్టుకుని వస్తుంటాడు. నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి వేసుకుని నడపొద్దు, మీరు ఎటు తిరుగుతున్నారో వెనకవాడికి తెలియదు. అవి ఆగినప్పటికి.

వేగం లెక్క ఇది. గంటకు 40 మీద బ్రేకు నొక్కాలని బుర్రకు తట్టి, చెయ్యి కదిలి, బండి పూర్తిగా ఆగేసరికి సుమారు 30 మీటర్లు పోతుంది. 60 మీద 50 మీటర్లు దాటుతుంది. కరెంటు స్తంభాలు లెక్కపెట్టండి: ఒక స్తంభం దగ్గర నిలబడితే ముందున్నవాటిలో రెండోది మసకగానైనా కనిపించకపోతే 30కి తగ్గించాలి. వెంటనే ముందున్న మొదటి స్తంభమే కనిపించకపోతే ఆగిపోవాలి. ఆగడమంటే తారు రోడ్డు మీద కాదు. బండి పూర్తిగా రోడ్డు దించి, వెనక లైటు ఆర్పేసి, మనుషులు బండికి దూరంగా నిలబడాలి. వెలుగుతున్న వెనక లైటును చూసి అదే దారనుకుని లారీ వెంబడించి వచ్చేస్తుంది. దామన్‌జోడి వైపు లారీలు, జేకేపూర్ పేపర్ మిల్లుకి దుంగలు మోసే లారీలు పొద్దున్నే ఎక్కువ. దుంగలు డాలా దాటి ఎంత బయటికి పొడుచుకొచ్చాయో మంచులో కనబడదు. వాటికి కనీసం 50 మీటర్లు వెనక ఉండండి, "లారీ లైటు పట్టుకుని పోదాం" అనుకోవద్దు.

హెల్మెట్ అద్దం లోపల ఆవిరి కమ్ముకుంటోంది. ఏం చేయాలి?

ఊపిరి తేమ చల్లని అద్దానికి తగిలి పట్టేస్తుంది. పిన్‌లాక్ అనే లోపలి పొర పెట్టుకోవడం అన్నిటికంటే మేలు. రెండు పొరల మధ్య గాలి ఉంటుంది గనక లోపలి పొర చల్లబడదు. మీ హెల్మెట్ అద్దానికి రెండు పక్కలా పిన్నులుంటేనే అది పడుతుంది, కొనేముందు చూసుకోండి.

లేకపోతే గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క. పొడి మెత్తని గుడ్డ మీద వేసి అద్దం లోపలి వైపు రుద్ది, ఇంకో పొడి గుడ్డతో మరక కనిపించనంత దాకా తుడవండి. నీళ్లతో కడగొద్దు. ఒక పూట పనిచేస్తుంది. పిన్‌లాక్ పొర మీద మాత్రం ఇది రాయకండి, పాడవుతుంది. కళ్లజోడు వాళ్లు కళ్లద్దాలకూ రాసుకోవచ్చు. అద్దాన్ని ఒక్క మెట్టు ఎత్తి ఉంచడం, ముక్కు మీద బ్రీత్ గార్డ్ పెట్టుకోవడం కూడా చేయండి. నల్ల అద్దాలు తొమ్మిది దాకా వద్దు.

ఎన్ని బట్టలు వేసుకోవాలి? ఇక్కడ అంత చలి ఉంటుందా?

థర్మామీటరు చూపే చలి వేరు, బండి మీద తగిలే చలి వేరు. బయట 10 డిగ్రీలుంటే 60 మీద పోతున్నప్పుడు ఒంటికి 5 డిగ్రీల్లా తగులుతుంది. 5 డిగ్రీలుంటే సున్నాకి రెండు డిగ్రీలు కింద. సెమిలిగుడ, పొట్టంగి పొద్దులు అలాంటివే. విజయనగరం నుంచి వచ్చేవాళ్లు మోసపోయేది ఇక్కడే. సాలూరులో చెమట పడుతుంటే జాకెట్ విప్పి బ్యాగులో పెట్టేస్తారు. సుంకి దాటేసరికి వణుకు మొదలవుతుంది, కానీ మలుపుల్లో ఆగి వేసుకునే చోటు ఉండదు. సాలూరులోనే, ఘాట్ మొదలవకముందే ఆగి వేసుకోండి.

ఒంటికి అంటుకునే బనియన్ మీద స్వెటర్, దానిమీద గాలి చొరబడని జాకెట్. మూడో పొర లేకపోతే మొదటి రెండూ దండగే, ఉన్ని గుండా గాలి దూసుకుపోతుంది. జాకెట్ లేనివాడికి పాత చిట్కా: రెండు మడతల న్యూస్‌పేపరు గుండె మీద, స్వెటర్ కింద. చూడ్డానికి నవ్వులాటగా ఉంటుంది గాని గాలిని నిజంగా ఆపుతుంది. చేతులకు తోలు గ్లవ్స్ లోపల పలచటి నూలు గ్లవ్స్. వేళ్లు కొయ్యబారితే బ్రేకు ఆలస్యమవుతుంది, అసలు ప్రమాదం అదే. సైలెన్సర్ మీద వేళ్లు వెచ్చబెట్టుకోవద్దు. మొద్దుబారిన వేలికి కాలినట్టు తెలియదు, బొబ్బ వచ్చాకే తెలుస్తుంది.

మఫ్లర్, శాలువా, చున్నీ కొసలు జాకెట్ లోపల దోపేయాలి. వెనక కూర్చున్నవాళ్ల చున్నీ చక్రంలో చుట్టుకుంటే మెడకే ప్రమాదం. బయల్దేరే ముందు స్వీప్ రైడర్ (గుంపులో అందరికంటే చివర వచ్చేవారు) ప్రతి బండినీ చూసేది మొదట దీని కోసమే.

స్వాములు మాల వేసుకుని చెప్పులు లేకుండా రైడ్‌కి రావచ్చా?

రావచ్చు, బండి నడుపుతూ కాదు. నవంబరు నుంచి జనవరి దాకా సగం మంది దీక్షలోనే ఉంటారు, నియమం నియమమే, అందులో వాదన లేదు. కానీ ఉత్త పాదంతో గేరు మార్చడం, చలికి చచ్చుబడిన కాలితో వెనక బ్రేకు తొక్కడం గుంపు రైడ్‌లో ఒప్పుకోం. వంట సామాను మోసే పికప్‌లో స్వాములకు ముందు సీటు ఉంచుతున్నాం. వాళ్ల బిక్షకు పొయ్యి, గిన్నెలు విడిగా వస్తాయి.

పొద్దున్నే బండి స్టార్ట్ కావడం లేదు.

మొదట క్లచ్ పట్టి, గేరులో ఉంచి బండిని నాలుగైదుసార్లు ముందుకీ వెనక్కీ ఊపండి. చలికి నూనె చిక్కబడి క్లచ్ ప్లేట్లు అతుక్కుంటాయి. ఊపితే విడిపోతాయి, మొదటి గేరు వేసినప్పుడు బండి ముందుకి ఎగరదు.

కార్బురేటర్ బండికి చోక్ లాగి, ఏక్సిలేటర్ ముట్టుకోకుండా స్టార్ట్ చేయాలి. ముప్పై నుంచి అరవై సెకన్లలో ఇంజిన్ నిలకడగా తిరుగుతుంది, అప్పుడు చోక్ తోసేయండి. చోక్ వదిలేసి పది కిలోమీటర్లు పోతే ప్లగ్గు నల్లబారి మధ్యదారిలో ఆగుతుంది. ఎఫ్ఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్) బండి అయితే తాళం తిప్పి, పెట్రోలు పంపు "జూం" మని ఆగేదాకా రెండు మూడు సెకన్లు ఆగి, అప్పుడు బటన్ నొక్కండి. తాళం తిప్పుతూనే నొక్కడం చాలామంది చేసే తప్పు.

బటన్ నొక్కితే టకటకమని చప్పుడే వచ్చి ఇంజిన్ తిరగకపోతే బ్యాటరీ. రాత్రంతా ఆగిన బండికి మల్టీమీటర్ 12.6 వోల్టులు చూపాలి. 12.2 కంటే తక్కువైతే ఛార్జింగ్‌కి ఇవ్వాలి. ఎఫ్ఐ బండి బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే తోసినా స్టార్ట్ కాదు, పంపుకీ ఈసీయూకీ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటరు) కరెంటు కావాలి. అందుకే జంపర్ తీగలు రెండు జతలు గుంపులో ఉంటాయి.

ఇంజిన్ ఆయిల్ మీ బండి పుస్తకంలో రాసిందే. 10డబ్ల్యు-30 అడిగే బండికి "చిక్కగా ఉంటే మంచిది" అని 20డబ్ల్యు-50 పోస్తే చలికాలం పొద్దున్నే తెలిసొస్తుంది. క్లచ్ ఆయిల్‌లోనే తడిసే గేరు బండ్లకు డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. కార్ల ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది.

టైర్లలో గాలి ఎంత పెట్టాలి?

కంపెనీ చెప్పినంతే, కానీ ఎక్కడ, ఎప్పుడు చూశారన్నది ముఖ్యం. మధ్యాహ్నం 30 డిగ్రీల్లో కిందన 33 పాయింట్లు కొట్టించారనుకోండి. మర్నాడు 6 డిగ్రీల పొద్దున అదే టైరు దాదాపు 4 పాయింట్లు తగ్గుతుంది. కొండ మీదికి, 900 మీటర్ల ఎత్తుకి వస్తే బయటి గాలి ఒత్తిడి తక్కువ గనక గేజీలో ఒకటిన్నర పాయింటు తిరిగి కలుస్తుంది. నికరంగా రెండు పాయింట్ల పైచిలుకు లోటు. ఇంత లెక్క అక్కర్లేదనుకుంటే, సొంత గేజీ ఒకటి కొనుక్కుని బయల్దేరే చోట చల్లని టైరు మీద చూసుకోండి. పట్టు దొరుకుతుందని గాలి తగ్గించి నడిపేవాళ్లున్నారు. అది ఇసకలో పనికొస్తుంది, మంచు తడిసిన తారు మీద కాదు. మొదటి ఏడెనిమిది కిలోమీటర్లు టైరు వేడెక్కదు, మలుపుల్లో బండి వంచొద్దు.

చైను, బ్రేకుల సంగతి?

మంచు తేమ, ధాన్యం దుమ్ము కలిసి చైను మీద ముద్ద కడతాయి. 500 కిలోమీటర్లకోసారి కిరసనాయిలుతో బ్రష్ కొట్టి తుడిచి, బండి నడిపి వచ్చాక వెచ్చగా ఉన్నప్పుడే 90 నంబరు గేర్ ఆయిల్ రాయండి. పెట్రోలుతో కడిగితే ఓ-రింగులు పోతాయి. బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్చాలి. ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ చేసి ఇంజిన్ ఆపేవాణ్ణి మర్నాటి నుంచి రైడ్‌కి పిలవం. ఎక్కిన గేరులోనే దిగడం పద్ధతి.

రోడ్డు మీద చోళ్లు, వరి ఆరబోస్తున్నారు. ఎలా దాటాలి?

ఈ సీజన్‌లో మంచు తర్వాత రెండో ప్రమాదం ఇదే. చోడి కంకులు, వలిసెలు రోడ్డు మీద పరిస్తే బండ్లు తొక్కి నూర్చిపెడతాయి. రైతుకు అది కళ్లం, మనకు గోళీల పరుపు. దగ్గరికి రాకముందే వేగం తగ్గించి, దాని మీదికి ఎక్కాక బ్రేకు, ఏక్సిలేటర్, హ్యాండిల్ మూడూ కదపకుండా తిన్నగా దాటాలి. కాళ్లు రెండూ ఫుట్‌రెస్టుల మీదే. పీచు గడ్డి సైలెన్సర్ వంపులో ఇరుక్కుంటే అంటుకుంటుంది, దాటాక ఆగి తీసేయండి.

ధాన్యం చుట్టూ వాహనాలు రాకుండా పెట్టిన రాళ్లు ఇంకా ప్రమాదం. సాయంత్రం ధాన్యం ఎత్తేస్తారు, రాళ్లు అక్కడే ఉంటాయి. చీకటి పడ్డాక గుంపుగా పోవద్దనడానికి ఇదో కారణం. రైతుతో గొడవ మాత్రం పెట్టుకోకండి. వాళ్లకి వేరే చదునైన చోటు లేదు, ఊరు వాళ్లది.

వలిసె పూలు నవంబరులో కొండలు పసుపు పూసినట్టు ఉంటాయి, ఫోటోలకు అందరూ ఆగుతారు. మలుపులో ఆగొద్దు, చేలోకి దిగి తొక్కొద్దు. అనుకుడెల్లి గురువారం సంతకు వెళ్తే బోండా గిరిజనుల ముఖాల మీదికి ఫోనెత్తడం క్లబ్బు టీషర్టు వేసుకుని చేయకండి, వేసుకోకుండా కూడా చేయకండి.

గుంపులో ఎలా నడవాలి?

ఒక గుంపుకి ఎనిమిది బండ్లు, అంతకు మించితే రెండు గుంపులు, మధ్య పది నిమిషాల ఎడం. తిన్నని రోడ్డు మీద ఒకరు కుడికి, తర్వాతివారు ఎడమకి, మీ వరసలో ముందున్న బండికి రెండు సెకన్ల దూరం. ఘాట్‌లో, మంచులో ఒంటి వరస. లక్ష్మీపూర్ దారిలో ఫోను సిగ్నల్ పోయే చోట్లున్నాయి. కాబట్టి ప్రతి మలుపు దగ్గర లీడర్ వెనకున్న రెండోవారు ఆగి నిలబడతారు, స్వీప్ వచ్చాకే కదులుతారు. "వాట్సాప్‌లో లొకేషన్ పెట్టాను కదా" అనేది చెల్లదు.

వనభోజనం ఎప్పుడు? మాంసం ఉంటుందా?

కార్తీకమాసంలో ఆదివారం. ఏ ఆదివారమన్నదే ఏటా పంచాయితీ. మనకు కార్తీకం దీపావళి మర్నాడు మొదలై అమావాస్య దాకా. ఒడియా సభ్యులకు కార్తీక పున్నమితోనే నెల ముగుస్తుంది. ఆఖరి ఐదు రోజుల పంచుకలో వాళ్లు చేప ముట్టరు, పున్నమి మర్నాడు ఛాడఖాయి అని మాంసం వండుకుంటారు. అప్పటికి మనకింకా పదిహేను రోజుల కార్తీకం మిగిలే ఉంటుంది. అందుకని పున్నమికి ముందు వచ్చే ఆదివారం పెట్టుకుంటే ఎవరికీ ఇబ్బంది లేదు, అందరికీ శాకాహారమే. మాంసం కూర డిసెంబరు రెండో రైడ్‌కి. గురువారాలు వద్దు, మార్గశిర లక్ష్మి వారాలు ఇద్దరికీ పట్టింపే.

40 మందికి సరుకు: అన్నానికి బియ్యం 5 కిలోలు, పులిహోరకు 2 కిలోలు, చింతపండు పావు కిలో, కందిపప్పు కిలోంబావు, వంకాయలు మూడున్నర కిలోలు, పెరుగు 4 లీటర్లు, నీళ్లు 20 లీటర్ల క్యాన్లు ఆరు. పరమాన్నానికి కొరాపుట్ కలాజీర బియ్యం కిలో చాలు. 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిన వాసన బియ్యం అది, మామూలు బియ్యానికి పోసినన్ని నీళ్లు పోస్తే ముద్దవుతుంది. చాయ్‌కి పాలు 2 లీటర్లు, నీళ్లు 2 లీటర్లు, పొడి 100 గ్రాములు, పంచదార 400 గ్రాములు, అల్లం 60 గ్రాములు. ఉసిరి చెట్టు లేని చోటైతే ఒక కొమ్మ ఎవరైనా ఇంటినుంచి తెచ్చి నిలబెట్టాలి, ఆఖరి నిమిషంలో అడవిలో విరవొద్దు.

రాత్రి బసలో చలిమంట వేసుకోవచ్చా?

రిజర్వు అడవిలో వద్దు. అనుమతి ఉన్న చోట, కోసిన సగం ఇనప డ్రమ్ములో. గుడారాలకు 5 మీటర్లు, బండ్లకు 15 మీటర్లు ఎడం, పక్కన రెండు బకెట్ల నీళ్లు. వాగులోంచి తెచ్చిన రాళ్లతో పొయ్యి పేర్చొద్దు. లోపల నీరు ఆవిరై రాయి పేలుతుంది. భోగికి పాత టైర్లు తెచ్చేవాళ్లని వెనక్కి పంపేస్తాం.

అన్నిటికంటే ముఖ్యం: బొగ్గుల కుంపటి గదిలోకి తేవొద్దు, గుడారంలోకి తేవొద్దు. పొగ లేకుండా ఎర్రగా ఉన్న నిప్పుల నుంచి కూడా కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. తలనొప్పి, వికారం ఒకేసారి ఇద్దరికి వస్తే వెంటనే అందరూ బయటికి.

చలికి జీలుగు కల్లు ఒక గ్లాసు?

రైడ్ ముగిసి, తాళాలు లీడర్ చేతికిచ్చాక మీ ఇష్టం. కల్లు వేడి పుట్టించదు. చర్మానికి రక్తం ఎక్కువ తోలి వెచ్చగా అనిపిస్తుంది, లోపలి వేడి బయటికి పోతుంది. చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే మొదటిసారి పదివేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. పొద్దున దించిన కల్లు మధ్యాహ్నానికి పులిసి మత్తెక్కుతుంది, "లేత కల్లే కదా" అన్నమాట సాయంత్రానికి చెల్లదు. ఫ్లాస్కులో వేడి చోడంబలి తెచ్చుకోండి.

ఏపీ నంబరు బండితో వస్తే ఏ కాగితాలు కావాలి?

పర్మిట్ ఏమీ వద్దు. ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్, లైసెన్సు, డిజిలాకర్‌లో ఉన్నా చెల్లుతాయి. బండి ఒడిశాలోనే ఏడాది మించి ఉంచుకుంటే ఇక్కడ రిజిస్టర్ చేయించాలి. వెనక కూర్చున్నవారికీ హెల్మెట్ తప్పనిసరి. లేకపోతే వెయ్యి రూపాయలు, లైసెన్సు మూడు నెలలు పక్కన పెడతారు. నాలుగేళ్లలోపు పిల్లలకు బెల్టు, హెల్మెట్, వేగం 40 లోపు. చలి రైడ్లకు ఆ వయసు పిల్లల్ని తేకపోవడమే మేలు.

సరిహద్దులో గంజాయి తనిఖీలు గట్టిగా ఉంటాయి. దారిలో ఎవరు బతిమాలినా బ్యాగు, పార్సెల్ తీసుకోకండి, లిఫ్ట్ ఇవ్వకండి.

ఒకరికి చలి ఎక్కేసిందని ఎలా తెలుస్తుంది?

వణుకుతున్నంతసేపు ఫరవాలేదు, ఆపి వేడి చాయ్ ఇస్తే తేరుకుంటారు. మాట ముద్దగా రావడం, హెల్మెట్ బకిల్ విప్పలేకపోవడం, వణుకు ఆగిపోయి నిద్రమత్తుగా ఉండడం ప్రమాద సూచనలు. తడి బట్టలు మార్చి, దుప్పటి చుట్టి, చంకల్లో గోరువెచ్చని నీళ్ల సీసాలు పెట్టండి. చేతులు కాళ్లు గట్టిగా రుద్దొద్దు. ఆ మనిషి ఇక ఆ రోజు బండి నడపకూడదు. 108 రెండు రాష్ట్రాల్లోనూ పనిచేస్తుంది.

మంచు ఎక్కువుంటే రైడ్ రద్దయినట్టు ఎలా తెలుస్తుంది?

పొద్దున ఆరుంపావుకి సెమిలిగుడ వాళ్లలో ఒకరు ఇంటి ముందు స్తంభం ఫోటో తీసి గ్రూపులో పెడతారు. రెండో స్తంభం కనిపించకపోతే గంట వాయిదా. ఏడుంపావుకి ఇంకో ఫోటో. ఎనిమిదింపావుకీ కనిపించకపోతే రద్దు. సరుకు అప్పటికే పికప్ ఎక్కి ఉంటుంది గనక భోజనం ఆగదు: రాయగడ వాళ్లకు నాగావళి ఒడ్డున, కొరాపుట్ వాళ్లకు కొలాబ్ దగ్గర. వంకాయలు ఎవరి వైపు ఉంటే కూర వాళ్లకు, పులిహోర రెండోవాళ్లకు.